మూతి మలిచే మిషన్

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద మదన్‌మోహన్ హోటల్లో చాయ్‌కి ముప్పై పైసలు. శంకరప్ప మిస్త్రీ ముచ్చటకు మాత్రం పైసా లేదు. అందుకని ఒక్క చాయ్ తాగి మూడు ముచ్చట్లు వినేవాళ్లే ఎక్కువ. మదన్‌మోహన్ దానికేమీ అనుకునేవాడు కాదు. ముచ్చట సగంలో ఉండగా లేచిపోయిన మనిషిని తన హోటల్లో అతను ఇంతవరకూ చూడలేదు. లేవకుండా కూర్చున్నవాడు సిగ్గుకైనా రెండో చాయ్ చెప్పక తప్పదు.

ఆ హోటల్‌ను ఆనుకొని ఉన్న రేకుల దుకాణం శంకరప్పది. బందూకులు బాగుచేసే లైసెన్సు తాలూకా మొత్తానికి అతనొక్కడికే ఉంది. దానికి అద్దం కట్టించి, దేవుడి పటాలకన్నా జానెడు పైన తగిలించుకున్నాడు. అడవి జంతువుల చట్టం వచ్చి ఏడేండ్లయింది. షికార్లు పోయాయి, బందూకులూ దూలాల మీదికి ఎక్కాయి. ఏడాదికోసారి బ్యాంకు వాచ్‌మన్ తుపాకీ వస్తుంది, పేలుతుందో లేదో వాచ్‌మన్‌కే తెలియదు. మిగిలిన రోజుల్లో స్టవ్వులు, తాళాలు, తరాజులు. అయినా అందరూ అతన్ని బందూకుల మిస్త్రీ అనే పిలుస్తారు. ఆ పేరు నిలబెట్టింది పని కాదు, ఒకే ఒక్క ముచ్చట.

ఆ పొద్దు కూడా అదే నడుస్తోంది.

"ఆ మోత ఎంతదనుకున్నరు? రాయికోడ్ శివార్ల తూటా పేలితే బీదర్ కోట మీద పావురాలు లేచినయ్. న్యాల్‌కల్ల ఒక ముసలామెకు పదేండ్ల సంది చెవులు ఇనబడకపోతుండె. ఆ మోతకు తెరుసుకున్నయ్. మొగని మాటలన్నీ ఇని, మళ్ల మూసుకపోతే బాగుండని మొక్కింది."

బల్లల మీద నవ్వులు.

"దొర కొట్టంల ఒక బర్రె ఉండె. అది మూడు దినాలు పాలకు బదులు పెరుగిచ్చింది."

"తోడు ఎవరేసిన్రు మిస్త్రీ?" అన్నాడు ఒక లారీ క్లీనరు.

"బందూకే ఏసింది రా! నువ్వు జర సప్పుడు చెయ్యక ఇను. పొగ పోయినంక చూస్తె కాల్చిన జగ్గడు నిలవడే ఉన్నడు. పంది పారిపోయింది. బందూకు నాలి, గింత లావు ఇనుప గొట్టం, అరటిపండు తొక్క లెక్క చీరుకపోయి ఉన్నది. మరి చెయ్యేది?"

ఇక్కడ జగ్గయ్య వంతు. ద్వారం పక్క బల్ల మీద కూర్చున్న ముసలాయన ఎడమ చేత్తో కుడి చొక్కా చేతిని మోచేయి దాకా లాగుతాడు. మణికట్టు ఉండాల్సిన చోట కుట్లు పడ్డ తోలు, ముడేసిన సంచి మూతిలా ఉంటుంది. కొత్తవాళ్లు అయ్యో అంటారు. మదన్‌మోహన్ ఒక చాయ్ తెచ్చి జగ్గయ్య ముందు పెడతాడు, దానికి పైసలు లేవు. చిరాగ్‌పల్లి నుంచి వారానికి రెండుసార్లు జగ్గయ్య నడిచి వచ్చేది ఆ చాయ్ కోసమే అని కొందరంటారు. ఆ చొక్కా లాగడం కోసం అని ఇంకొందరంటారు.

"అప్పుడు దొర నన్ను పిలిపించిండు. నేను నాలి వాసన చూసిన. ఒక్కటే మాట అన్న. రెండు కొలతలు! తూటాలు నింపే సంగప్ప తాగిన మత్తుల ఒక కొలత తుపాకి మందు పోసి, పోసిన సంగతి మరిసి, ఇంకో కొలత పోసిండు. గంతే. దొర ఆ దినమే సంగప్పను ఎల్లగొట్టిండు."

సంగప్ప లింగం కట్టుకున్న మనిషి. జన్మలో కల్లు చుక్క ముట్టలేదు. ముచ్చటలోకి తాగుడు ఎప్పుడు చేరిందో శంకరప్పకే గుర్తు లేదు. మొదట్లో సంగప్పకు కునుకు పట్టేది. ఒక ఏడు వానాకాలంలో జనం పలచబడితే అతని చేత తాగించాడు. అప్పటినుంచి ఆ మత్తు దించలేదు.

నవ్వులు అణిగాక శంకరప్ప లేచి తన దుకాణం వైపు వెళ్లాడు. గడప పక్కన ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. నలభై దగ్గర వయసు, మెడలో లింగకాయ, ఎండకు నల్లబడ్డ ముఖం. గోనెగుడ్డలో చుట్టిన పెట్టె ఆమె ఒళ్లో ఉంది. హోటల్‌కూ దుకాణానికీ నడుమ ఉన్నది ఒక్క రేకే. ఎంతసేపటినుంచి కూర్చుందో మరి.

"ఏందమ్మా, స్టవ్వా?"

"కాదు కాకా. ఏందో నాకే తెల్వదు. మా నాయినది. జర చూసి ఏందో చెప్పు, ఎంతకు పోతదో చెప్పు."

గోనెగుడ్డ విప్పింది. టేకు పెట్టె. మూత తీయగానే ఇద్దరు ముగ్గురు హోటల్లోంచి గ్లాసులతో సహా వచ్చి మూగారు. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచిన గూళ్లు. ఒక గూట్లో చేతిపిడి, మర, బిగించే పట్టు ఉన్న ఇత్తడి యంత్రం. ఇంకో గూట్లో కట్టెపిడి ఉన్న చిన్న ఇత్తడి గిన్నె. కూరడానికి నున్నటి కర్ర. ఒక రేకు డబ్బా. కింద నాలుగు ఎర్రటి కాగితపు గొట్టాలు.

"సేమియాల మిషన్ అది. మా పెద్దమ్మ ఇంట్ల ఉండె," అన్నాడు మదన్‌మోహన్.

"సేమియాలు గింత లావు ఎవడు తింటడు? పండ్లు పీకేది."

"దొంగ రూపాయలు కొట్టేది గావొచ్చు. పోలీసోళ్లు వస్తరు, చూస్కో."

శంకరప్ప వంగి చూశాడు. చేతిపిడి మీద రాగి తీగ చుట్టి ఉంది, చివర చిన్న ముడి. ఆ ముడి వేసే మనిషి ఒక్కడే అని అతనికి తెలుసు. ఇరవై నాలుగేండ్ల కింద ఈ పెట్టెను దొర గడీ మెట్ల మీది నుంచి సంగప్ప వెనకాల విసిరేస్తే, మూల ఒకటి పగిలింది. ఆ పగులుకు ఇప్పుడు రేకుముక్క అతికి ఉంది.

"ఎవరి బిడ్డవు?"

"రాయికోడ్ సంగప్ప బిడ్డను. నా పేరు భాగీరథి."

మూగినవాళ్లలో ఒకడు ఫక్కున నవ్వబోయి, ఆమె ముఖం చూసి చాయ్ గ్లాసులో నోరు పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే జారుకున్నారు.

"నాయిన బాగున్నడా?" అన్నాడు శంకరప్ప, ఏదో ఒకటి అనాలి గనుక.

"పోయిండు. నెల అయితుంది."

అతను ఇత్తడి గిన్నె తీసి చేతిలో తిప్పాడు. పిడి మీద బొటనవేలు ఆనే చోట కట్టె అరిగి చిన్న గుంట పడింది. తన బొటనవేలు ఆ గుంటలో పెట్టబోయి మానుకున్నాడు.

"తుక్కు," అన్నాడు. "పాత ఇంగ్లీషు సామాను. తూటాలు నింపేది. ఇప్పుడు ఎవడు నింపుతున్నడు? లైసెన్సు లేకుంట ఇంట్ల ఉండుడే తప్పు. ఇత్తడి కిలో లెక్కన ఎంతొస్తే అంత. ఆడ గంజ్ బజార్ల అమ్ముకో."

"గట్లనా?" ఆమె నిదానంగా మూత వేసింది. "మరి పెద్ద దొర కొడుకు జగన్‌మోహన్ దొర పట్నం కెల్లి ఎందుకు మనిషిని పంపిన్రు? తన నాయిన షికారు సామాను, అద్దాల బీరువల పెట్టుకుంట అన్నరట. ఎల్లుండి అంగడి నాడు ఆ మనిషి మళ్ల వస్తడు. నువ్వు ఎంతంటే గంత ఇస్తరట."

శంకరప్ప తల ఎత్తాడు.

"నా పేరే చెప్పిన్రా?"

"నీ పేరే చెప్పిన్రు. ఈ సామాను గురించి శంకరప్పకన్న ఎక్కువ తెలిసినోడు లేడు అన్నరట." పెట్టె ఒళ్లోకి తీసుకొని లేచింది. "రేపు మళ్లొస్త కాకా. అదెట్ల నడుస్తదో ఒక్కసారి చూపెట్టు. నడిచేది చూడకుంట అమ్మబుద్ధి అయితలేదు."

*

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కొంగుకు రెండు మూటలు కట్టుకొచ్చింది, ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో జొన్నలు.

"మందు లేదు, ఛర్ర గుండ్లు లేవు. వీటితోని చూపెట్టు."

శంకరప్ప నవ్వాడు. నవ్వు రానప్పుడు నవ్వడం అతనికి అలవాటే. యంత్రాన్ని బల్ల అంచుకు బిగించాడు. మర సులువుగా తిరిగింది. అందులో నూనె చుక్క ఇంకా తడిగానే ఉంది. ఇరవై నాలుగేండ్లు పని లేని యంత్రానికి ఎవరో ఏటేటా నూనె పోశారు.

పని మొదలుపెట్టాక చేతులకు నోరు అక్కర్లేదు. ఎర్ర గొట్టం ఒకటి తీసి, అడుగున వేలితో తట్టి నిలబెట్టాడు. ఇత్తడి గిన్నెను ఆవాల్లో ముంచి, అంచు మీద వేలితో గీసి సమం చేశాడు. గొట్టంలో పోశాడు. రేకు డబ్బాలోంచి ఉన్ని బిళ్ల తీసి కర్రతో మెల్లగా కూరాడు. తర్వాత జొన్నలు. వాటి మీద అట్ట బిళ్ల. గొట్టం అంచు వేలెడు మందాన మిగిలింది. దాన్ని యంత్రంలో పెట్టి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో పిడి తిప్పాడు. కాగితం వేడెక్కి సన్నగా కూసింది. బయటికి తీస్తే అంచు లోపలికి గుండ్రంగా మడుచుకొని, అట్ట బిళ్లను గట్టిగా పట్టుకొని ఉంది.

"కజ్జికాయ మూతి లెక్క మలిసింది," అంది భాగీరథి. దాన్ని చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. "మా నాయిన గిట్లనే నింపుతుండెనా?"

"నాకన్న మంచిగ. మీ నాయిన నింపిన తూటాలు వంద వరసగ పెడితే ఒక్కటే లెక్క ఉండేయి."

ఆ మాట ఎందుకన్నాడో తెలియదు. నిజం గనుక నోట్లోంచి జారిపోయి ఉంటుంది.

"ఇప్పుడు రెండు కొలతలు పోసి నింపు," అంది ఆమె.

రేకు అవతల మదన్‌మోహన్ స్టవ్వుకు గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. శంకరప్ప రెండో గొట్టం తీశాడు. ఒక కొలత ఆవాలు. ఇంకో కొలత. ఉన్ని బిళ్ల. జొన్నలు పోశాడు. అవి మూతి దాకా వచ్చి, పైన కుప్పగా నిలిచాయి. వేలితో అదిమాడు. అట్ట బిళ్ల పెడితే గొట్టం అంచుకన్నా పైనే తేలింది. మలచడానికి కాగితం ఎక్కడుంది? అయినా యంత్రంలో పెట్టి పిడి తిప్పాడు. బిళ్ల పక్కకు జారింది. జొన్నలు బల్ల మీద చెల్లాచెదురయ్యాయి.

"మలవదు," అన్నాడు.

"ఇంకోసారి చూడు."

చూశాడు. గట్టిగా కూరి చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఈసారి గొట్టమే నడుమకు చీలి, ఆవాలు అతని చెప్పుల మీద రాలాయి.

"మలవదు బిడ్డా. రెండు కొలతలు పడ్తే తావు మిగలదు."

"మరి?" అంది భాగీరథి.

ఆ ఒక్క మాటే. అతను ఆవాలు ఏరసాగాడు. అరవై ఆరేండ్ల మనిషి, ఒక్కొక్క గింజను బొటనవేలుతో నొక్కి ఎత్తి గిన్నెలో వేస్తున్నాడు. ఆమె తొందర చేయలేదు. సగం గిన్నె నిండాక తల ఎత్తకుండానే చెప్పాడు.

"అది కొత్త మందు. పొగ రాదు, మసి పట్టదు. చిన్న దొర జగన్‌మోహన్ పట్నంల దోస్తు దగ్గర తెచ్చిండు. మీ నాయిన ముట్టనన్నడు. దీని లెక్క నాకు తెల్వదు దొరా, తెల్వనిది నింప అన్నడు. చిన్న దొరకు రోషం పుట్టింది. ఇదే గిన్నెతోని, పాత మందు పోసినట్టే నిండుగ పోసి, బెల్టు మొత్తం తనే నింపిండు. చూడనీకె అంతే ఉంటది, మూతి మంచిగనే మలుస్తది. బలం మాత్రం ఎన్నో రెట్లు."

"నీకెట్ల తెల్సు?"

"మిగిలిన తూటాలు నేనే విప్పిన. పెద్ద దొర ముంగటనే. లోపల కొత్త మందు. ఆయన కూడ చూసిండు. చూసి కిటికీ దిక్కు మర్లిండు. 'శంకరప్పా, లైసెన్సుకు దరఖాస్తు పెట్టినవట కదా' అన్నడు. గంతే. ఇంకో మాట అన్లే."

భాగీరథి గోడ మీది అద్దం పటాన్ని చూసింది. కింద ఉన్న దేవుళ్లనూ చూసింది.

"మా నాయిన మస్తుసార్లు ఈడికొచ్చిండు, నీకెర్కేనా?"

"రాలే. ఒక్కసారి కూడ రాలే."

"అంగడి అంగడికీ వస్తుండె. మూతి మలవదు గదా, అది ఒక్కటి అడుగుత అని బస్సెక్కి వస్తుండె. ఆడ రోడ్డు మీద నిలవడుతుండె. నువ్వు హోటల్ల చెప్తుంటె, జనం నవ్వుతుంటె, లోపలికి రాలేక ఎనకకు మళ్లుతుండె. ఇంటికొచ్చి మిషన్‌కు నూనె పోస్తుండె." కొంగు అంచును వేలికి చుట్టుకుంది. "పోయిన నెల సమాధి గుంత తవ్వనీకె మనిషి దొరకలే కాకా. జగ్గయ్య చెయ్యి తిన్నోడు అని ఊరంత తలుపులు దగ్గరికేసుకున్నరు. నేను, మా ఇంటాయన తవ్వినం. కూసోబెట్టి మట్టేసేటప్పుడు నాయినతోని కలిపి ముగ్గురమే ఉన్నం."

"బిడ్డా, నేను..."

"నాకు చెప్తె ఏమొస్తది? నాకు ముందుగాలనే తెల్సు. మా నాయిన ఆవాలతోని, జొన్నలతోని నాకు చిన్నప్పుడే చూపెట్టిండు." రేకు వైపు గడ్డం ఎత్తింది. "ఆడ చెప్పు. ఏడ చెప్పినవో ఆడనే. రేపు అంగడి, జగ్గయ్య కూడ వస్తడు."

*

అంగడి నాడు పన్నెండింటికి హోటల్ ముందు జీపు ఆగింది. దిగినాయన అమర్నాథ్, జగన్‌మోహన్ దొర వ్యవహారాలు చూసే మనిషి. తెల్ల ప్యాంటుకు దుమ్ము అంటకుండా నడవడం నేర్చినవాడు. శంకరప్ప దుకాణంలో బల్ల మీద పెట్టెను చూసి, లోపలి యంత్రాన్ని కాక మూత మీది ఇత్తడి బిళ్లను తుడిచి చూశాడు.

"బాగుంది. దొరగారి బీరువాలో మధ్య అరలో పెడతాం. చెప్పు శంకరప్పా, ఎంత?"

"సారూ, దొర కొడుకును ఒక్కసారి రమ్మను. ఈ గిన్నెను చేతుల పట్టుకొని, ఎంతనో ఆయననే చెప్పమను."

అమర్నాథ్ నవ్వు సగంలో ఆపాడు. శంకరప్పను, గడప దగ్గర నిలబడ్డ భాగీరథిని ఒకసారి మార్చి మార్చి చూశాడు. తర్వాత గోడ మీదికి చూశాడు.

"లైసెన్సు రెన్యువల్ వచ్చే నెలలోనే కదా?"

ఇరవై నాలుగేండ్ల కింద కిటికీ వైపు తిరిగిన గొంతే ఇది. మనిషి మారాడు, గొంతు మారలేదు. శంకరప్ప మెడ తిప్పి పటాన్ని చూశాడు. ఆ క్షణంలో 'నూరు రూపాయలియ్యి సారూ' అనేస్తే అయిపోయేది. నోరు తెరిచాడు కూడా. అప్పుడే రేకు అవతల నుంచి ఎవరో అరిచారు.

"మిస్త్రీ! జగ్గయ్య వచ్చిండు. మోత ఎప్పుడు?"

శంకరప్ప యంత్రాన్ని పెట్టెలోంచి తీశాడు, మిగిలిన గొట్టాలూ బిళ్లలూ జేబులో వేసుకున్నాడు. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో ఆవాల గిన్నెను పట్టుకొని హోటల్లోకి నడిచాడు. భాగీరథి జొన్నల మూటతో ద్వారం దగ్గర ఆగింది. అమర్నాథ్ ఆమె వెనక నిలబడ్డాడు.

హోటల్ కిక్కిరిసి ఉంది. అల్లం మూటలు అమ్ముకొని వచ్చినవాళ్లు, ఎడ్లు కొనడానికి వచ్చి కొననివాళ్లు. శంకరప్ప గల్లా బల్ల అంచుకు యంత్రం బిగించాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై నాలుగేండ్లుగా ఆ ముచ్చటకు ఒకే తలుపు ఉంది. అందులోంచే లోపలికి పోయాడు.

"ఆ మోత... రాయికోడ్ శివార్ల తూటా పేలితే..."

"బీదర్ల పావురాలు లేచినయ్!" అని జనమే అందుకున్నారు.

"లేవలే," అన్నాడు శంకరప్ప. "పావురాలు లేవలే. బర్రె పెరుగియ్యలే. సంగప్ప తాగలే. ఆ తూటా సంగప్ప నింపలే."

ఒక్క క్షణం ఆగి, హోటల్ అంతా గొల్లుమంది.

"ఇయ్యాల ముచ్చట ఎనకకెల్లి చెప్తుండు!"

"నగుడు కాదు. ఇటు చూడున్రి." గొట్టంలో రెండు కొలతలు పోశాడు. జొన్నలు పోశాడు, పిడి తిప్పాడు. బిళ్ల ఎగిరి అల్లంవాళ్ల చాయ్‌లో పడింది. జనం చప్పట్లు కొట్టారు. "మూతి మలవదు. రెండు కొలతలు అని నేను అబద్ధం చెప్పిన. లైసెన్సు కోసం చెప్పిన. నింపింది చిన్న దొర. అది కొత్త మందు. సంగప్ప ముట్టనన్నడు."

"శభాష్ మిస్త్రీ! ఈసారి మస్తు అల్లినవ్," అన్నాడు మదన్‌మోహన్, కండ్లు తుడుచుకుంటూ. "ఆవాల గారడీ కొత్తగుంది. అంగడంగడికీ చెయ్యి."

"దేవుని మీద ఒట్టు!"

"పోయినేడు చెవిటి ముసలామె ముచ్చటకు కూడ ఒట్టే ఏసినవ్!"

మళ్లీ నవ్వులు. శంకరప్ప అన్నివైపులా చూశాడు. నవ్వించడానికి ఇన్నేండ్లు పెంచుకున్న గొంతు అది. ఇప్పుడు దానితో ఏడ్చినా వీళ్లు నవ్వేటట్టే ఉన్నారు. ఇంకో గొట్టం తీసి మళ్లీ పోశాడు. మళ్లీ చిందాయి. మళ్లీ చప్పట్లు. ద్వారం దగ్గర అమర్నాథ్ కూడా నవ్వాడు, తేలిక పడ్డట్టు.

మదన్‌మోహన్ అలవాటు ప్రకారం ఒక చాయ్ తెచ్చి జగ్గయ్య ముందు పెట్టాడు.

జగ్గయ్య చొక్కా లాగలేదు.

"గా దినం పంది రాలే మిస్త్రీ," అన్నాడు. గొంతు చిన్నది, ముందు బల్లకే వినిపించింది. ముందు బల్ల ఊరుకుంది. తర్వాత దాని వెనక బల్ల. "పంది లేదు, ఏం లేదు. నువ్వు చెప్పంగ చెప్పంగ నేను సుత వచ్చిందనే అనుకున్న. చిన్న దొర బెల్టుల కెల్లి తూటా తీసి, బందూకుల పెట్టి, నా చేతికిచ్చిండు. ముందుగాల నువ్వు కాల్చు జగ్గా అన్నడు. అని, పోయి జీపు ఎనకాల నిలవడ్డడు."

చాయ్ గ్లాసులు బల్లల మీదికి దిగాయి. వెనక మూల ఎవడో కొత్తవాడు మాత్రం కిసుక్కున నవ్వాడు, ముచ్చటలో ఇదీ ఒక భాగమనుకొని.

"దొరలు ఉండంగ నాకు మొదటి దెబ్బ ఇచ్చిండు గదా అని... ఇజ్జత్ ఇచ్చిండు అనుకున్న. ఇరవై నాలుగేండ్ల సంది గట్లనే అనుకుంటున్న." చొక్కా చేతి చివరను ఎడమ చేత్తో పట్టుకొని, మొండిచెయ్యి కనిపించకుండా కిందికి లాగి మడిచాడు. "నేను రాయికోడ్‌ల ఉన్నప్పుడు బావి కాడ సంగప్ప ఎదురైతె ఉమ్మేసిన. ఒక్కనాడు కూడ మారు మాటాడలే. నోరు లేనోడు అనుకున్న."

చాయ్ మీద తొరక కట్టింది. అతను లేచాడు. ద్వారం దగ్గర అమర్నాథ్ తప్పుకొని దారి ఇచ్చి, ఆ వెంటనే జీపు వైపు నడిచాడు. పెట్టె ధర సంగతి మళ్లీ ఎత్తలేదు.

జగ్గయ్య భాగీరథి ముందు ఆగాడు.

"సంగప్ప బిడ్డవా?"

"అవును మామా."

"రాయికోడ్ బస్సు ఎన్నింటికి?"

"రెండింటికి."

"మట్టెయ్యాలె. నెల అయిపోయినా ఎయ్యొచ్చునా?" కొంచెం తడబడ్డాడు. "ఎడమ చేత్తో ఎయ్యొచ్చునా?"

"ఉన్న చెయ్యే గద మామా ఎయ్యాలె," అంది భాగీరథి.

శంకరప్ప వాళ్ల వెనక రోడ్డు మీదికి వచ్చాడు. చేతుల నిండా ఆవాల వాసన. "నేను సుత వస్త బిడ్డా," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. కోపం లేదు ముఖంలో. ఉంటే అతనికి కొంత సులువయ్యేది.

"నువ్వెందుకు కాకా? నీకు ఈడ పనున్నది. సామాను నీ దగ్గర్నే ఉండని. ఎంత చేస్తదో ముందుగాలనే చెప్పినవ్ గదా, తుక్కు అని. దినాం రెండు కొలతలు పోసి చూపెట్టు, నమ్మేదాంక."

*

పై నెల లైసెన్సు రెన్యువల్ కాలేదు. కాగితాల్లో ఏదో తక్కువైందన్నారు, ఏదో మాత్రం చెప్పలేదు. శంకరప్ప అద్దం పటం దించాడు. గోడ మీద అది ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది. అక్కడికి దేవుణ్ని జరపలేదు, దేన్నీ తగిలించలేదు.

యంత్రాన్ని రోడ్డు వైపు బల్ల అంచుకు బిగించాడు. మొదటి రెండు అంగళ్లకు ఆవాల గారడీ చూడటానికి హోటల్లోంచి బాగానే వచ్చారు. మూడో అంగడికి తగ్గారు. ఎప్పుడు చూసినా అదే గారడీ, మూతి ఎప్పుడూ మలవదు, ముచ్చటలో బర్రె లేదు. మదన్‌మోహన్ హోటల్లో రేడియో తెచ్చి పెట్టాడు. జగ్గయ్య ఆ వైపు మళ్లీ రాలేదు. అతని పైసలు లేని చాయ్‌ని మదన్‌మోహన్ ఇంకా అప్పుడప్పుడు మరిచి పోసి, మళ్లీ గిన్నెలో కుమ్మరించుకుంటాడు. రాయికోడ్ నుంచి వచ్చిన ఒకతను మాత్రం సంగప్ప సమాధి మీద ఇప్పుడు మట్టి కొంచెం ఎత్తయిందని చెప్పాడు. ఎవరెవరు వేశారో అతనికి తెలియదు.

ఒక అంగడి నాటి పొద్దున, షోలాపూర్ లారీ దిగిన డ్రైవరు ఒకడు బీడీ ముట్టించుకుంటూ దుకాణం ఎదురుగా నిలబడ్డాడు. ఎండ కండ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకొని లోపలికి చూశాడు.

"ఏం మిషన్ అది పెద్దాయనా? సేమియాలదా?"

శంకరప్ప చేతిలోని తాళం పక్కన పెట్టాడు. ఆ మనిషి నిలబడ్డ చోటును చూశాడు. దుకాణానికీ రోడ్డుకూ నడుమ, హోటల్ నవ్వులు స్పష్టంగా వినపడేంత దూరం. లోపలికి రాకుండా ఎవరైనా మళ్లిపోవాలంటే ఆగే చోటు అదే.

ఆవాల గిన్నె ముందుకు లాక్కున్నాడు. పిడి మీద అరిగిన గుంటలో, ఈసారి, బొటనవేలు పెట్టాడు.

"లోపటికి రా," అన్నాడు. "ఆడ నిలవడకు. చెప్త, లోపటికొచ్చి కూసో."